కంప్యూటర్‌ని వెక్కిరిస్తే వాడేవాళ్లకు ఎందుకంత కోపం?

క్లుప్తంగా: ఒక కంప్యూటర్ ప్లాట్‌ఫామ్‌ను పత్రికలు ఎగతాళి చేయడం, దాన్ని ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు తిరగబడటం నలభై ఏళ్లుగా జరుగుతోంది. ఆ కోపంలో అభిమానం ఉంది, మనిషి చూపులో ఉండే సహజమైన పొరపాటూ ఉంది. అన్నిటికంటే ఎక్కువగా బతుకుదెరువు లెక్క ఉంది. నలుగురూ నమ్మితేనే నిలబడే వస్తువు మీద రాసిన మాట ఆ వస్తువు భవిష్యత్తునే మార్చగలదు. యాపిల్, లినక్స్ అనుభవాల్లోనూ ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ఆపేసిన 2018 నాటి ‘తెలుగు బగ్’ గొడవలోనూ కనిపించేది ఇదే.

2025 అక్టోబర్ 14న విశాఖపట్నానికి సంబంధించి రెండు సంగతులు జరిగాయి. ఒకటి ఊరంతా మాట్లాడుకున్నది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఇక్కడ ఏఐ హబ్, డేటా సెంటర్ కడతామని గూగుల్ ఢిల్లీలో ప్రకటించింది. రెండోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజుతో విండోస్ 10కి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రపంచమంతటా ఆగిపోయాయి. ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపులోని సిస్టమ్, గాజువాక ట్యూషన్ సెంటర్‌లోని డెస్క్‌టాప్, ఎంవీపీ కాలనీలో పిల్లల ప్రాజెక్టుల కోసం కొన్న పాత ల్యాప్‌టాప్, అన్నీ పొద్దున్న ఎలా ఆన్ అయ్యాయో సాయంత్రమూ అలాగే ఆన్ అయ్యాయి. కానీ వాటి గడువు తీరిపోయింది.

దాంతో ‘పాత సిస్టమ్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే సరిపోదా’ అన్న చర్చ మళ్లీ మొదలైంది. వెంటనే పాత వెటకారమూ బయటికొచ్చింది. అది నల్ల తెర మీద కమాండ్లు కొట్టుకునేవాళ్ల సరుకని, ‘ఈ ఏడాది లినక్స్‌దే’ అని వాళ్లు ఏటా చెప్పుకుంటూనే ఉంటారని. లినక్స్ వాడేవాళ్లు దానికి గట్టిగానే బదులిస్తున్నారు. బయటినుంచి చూసేవాళ్లకు ఈ వేడి అర్థం కాదు. ఫ్రిజ్ బాగాలేదని రాస్తే ఎవరూ పోట్లాటకు రారు. కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి ఎందుకు వస్తున్నారు?

ఇక్కడ ఒక విషయం మరవకూడదు. గూగుల్ తన సర్వర్లను నడిపేది లినక్స్ మీదే. ఊరు సంబరపడిన వార్త వెనక ఉన్నదీ, పాత పీసీకి పనికొస్తుందా అని నవ్వులపాలవుతున్నదీ ఒకటే సాఫ్ట్‌వేర్ కుటుంబం.

ఫ్రిజ్ వేరు, కంప్యూటర్ వేరు

పక్కింటివాళ్లు వేరే కంపెనీ ఫ్రిజ్ కొన్నంత మాత్రాన మనింట్లో పాలు విరిగిపోవు. కంప్యూటర్ విలువ మాత్రం ఇంకెంతమంది అదే వాడుతున్నారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ద్వారకానగర్‌లో టాలీ నేర్పే ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయంటే, టాలీ తెలిసిన అకౌంటెంట్లను అడిగే ఆఫీసులు ఉన్నాయి కాబట్టి. ఆ ఆఫీసుల్లో విండోస్ ఉంది, ఎందుకంటే టాలీ నడిచేది దాని మీదే. విండోస్ పాడైతే బాగుచేసే కుర్రాడు సందుకొకడు దొరుకుతాడు. అతను ఆ పని నేర్చుకున్నది కూడా ఊరంతా విండోసే ఉంది కాబట్టే. ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడ్డ ఈ గొలుసునే ఆర్థికశాస్త్రంలో నెట్‌వర్క్ ఎఫెక్ట్ అంటారు.

ఈ గొలుసు పెద్దగా ఉన్న ప్లాట్‌ఫామ్‌కు పత్రిక రాతలతో భయం లేదు. విండోస్‌ని దశాబ్దాలుగా ఎన్ని రకాలుగా ఏకినా టాలీ నేర్చుకునేవాళ్లు తగ్గలేదు. గొలుసు చిన్నదైతే మాత్రం ఒక్క వార్త చాలు. ‘అది ఎక్కువ కాలం ఉండదట’ అని ఎక్కడో చదివిన ఆఫీసు మేనేజర్ వచ్చే ఏడాది ఆర్డర్ వేరేదానికి ఇస్తాడు. అమ్మకాలు తగ్గాయని సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్త వెర్షన్ మానేస్తుంది. సాఫ్ట్‌వేర్ లేదని షాపువాడు సరుకు తెప్పించడు. ఏడాది తర్వాత ఆ పత్రికే ‘మేం ముందే చెప్పాం’ అని రాయగలదు. బ్యాంకు మునుగుతోందని పుకారు లేస్తే జరిగేదీ ఇదే. పుకారు అబద్ధమైనా, భయపడి డబ్బు తీసుకునేవాళ్ల వరుస నిజంగానే బ్యాంకును ముంచేస్తుంది.

దీన్ని సినిమా అభిమానుల గొడవతో పోల్చడం మామూలే. తమ హీరో సినిమాకు రివ్యూ బాగా రాకపోతే అభిమానులు మండిపడతారు, నిజమే. కానీ విడుదలైన సినిమా రివ్యూ వల్ల మారిపోదు. రెండు మూడు వారాల్లో దాని లెక్క తేలిపోతుంది. చెడ్డ రివ్యూ వచ్చిందని అభిమాని చేతిలో పని ఆగిపోదు. ప్లాట్‌ఫామ్ విషయంలో పని ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇంకా దగ్గరి పోలిక ఈ ఊళ్లోనే ఉంది. విశాఖ ఉక్కులో ప్రభుత్వ వాటాలన్నీ అమ్మేందుకు కేంద్ర మంత్రివర్గ సంఘం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఆమోదించాక, ‘నష్టాల ప్లాంటును ఎన్నాళ్లు మోస్తారు’ అన్న వాదన ఎక్కడ వినిపించినా ప్లాంటు చుట్టుపక్కల ఉన్న కూర్మన్నపాలెం, గాజువాకల్లో అది ఆర్థిక విశ్లేషణలా వినపడలేదు. వాళ్లకు అది జీతం, క్వార్టర్, కిరాణా షాపు, స్కూలు ఫీజు గురించిన మాట. బయట కూర్చుని రాసేవాళ్లకు కంటికి కనిపించేది ఒక సంస్థే, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఊరు కాదు. ఈ రెండు విషయాల బరువు ఒకటి కాదు. అయినా వెటకారం ఎక్కడ తగులుతుందన్నది రెండింట్లోనూ ఒకటే.

ముందే రాసేసిన చావు కబుర్లు

ఈ విషయంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ యాపిల్. 1984 జనవరి 24న ఆ కంపెనీ కంప్యూటర్ మెకింతోష్ వచ్చినప్పుడు, మౌస్ అనేదాన్ని జనం వాడాలనుకుంటున్నారనడానికి ఆధారమే లేదని జాన్ డ్వొరాక్ అనే అమెరికన్ కాలమిస్టు రాశారు. చాలామంది దాన్ని బొమ్మ అని కొట్టిపారేశారు. ఆ ‘బొమ్మ’ మీదే 1985లో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వచ్చింది. ఒక మనిషి బల్ల ముందు కూర్చుని పేజీ మొత్తం తయారు చేయగలిగే డీటీపీ వృత్తి అక్కడే పుట్టింది. మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ వినిపించే పేజ్‌మేకర్ మాట మెకింతోష్ నుంచి వచ్చిందేనని ఆ షాపుల్లోనే చాలామందికి తెలియదు.

1990ల మధ్యకు వచ్చేసరికి యాపిల్ నిజంగానే కష్టాల్లో పడింది. 1996 ఆర్థిక సంవత్సరంలో నష్టం 81.6 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది అది 100 కోట్లు దాటింది. బిజినెస్ వీక్ 1996 ఫిబ్రవరిలో ఒక అమెరికన్ ప్రతీక కూలిపోయిందని ముఖచిత్ర కథనం వేసింది. వైర్డ్ పత్రిక 1997 జూన్ సంచిక అట్ట మీద యాపిల్ గుర్తుకు ముళ్ల కిరీటం పెట్టి, కింద ‘ప్రార్థించండి’ అన్న ఒకే ఒక్క మాట అచ్చేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో, యాపిల్ మీ చేతిలో ఉంటే ఏం చేస్తారని డెల్ కంప్యూటర్ల కంపెనీ అధిపతి మైఖేల్ డెల్‌ని అడిగితే, మూసేసి వాటాదార్ల డబ్బు వాళ్లకు ఇచ్చేస్తానన్నారు. కంపెనీ పేరుకు ముందు ‘కష్టాల్లో చిక్కుకున్న’ అన్న విశేషణం ఇంటిపేరులా అతుక్కుపోయింది.

మెకింతోష్ వాడేవాళ్లు ఊరుకోలేదు. యాపిల్ తరఫున ప్రచార బాధ్యతలు చూసిన గై కవాసాకి వేలమందికి ఈమెయిళ్లు పంపుతూ, మంచి వార్తలు అందరికీ తెలిసేలా చేయమని, తప్పుడు రాతలకు సంపాదకులకు జవాబు రాయమని ప్రోత్సహించేవారు. యాపిల్ గురించి ఒక్క చెడ్డ వాక్యం రాసిన విలేకరి మెయిల్ పెట్టె మర్నాటికి నిండిపోయేది.

ఆ ఉత్తరాల్లో న్యాయం ఉంది, పొరపాటూ ఉంది. నష్టాల అంకెలు విలేకరులు కల్పించినవి కావు. వాటిని కాదనడానికి ప్రయత్నించిన ప్రతి ఉత్తరం రాసినవాళ్ల పరువే తీసింది. కానీ నష్టం నుంచి చావుకు ఒక్క గెంతులో వెళ్లిపోయిన రాతల మీద వాళ్లు లేవనెత్తిన ప్రశ్న సరైనదే. పబ్లిషింగ్, డిజైన్, స్కూళ్లు పట్టుకుని ఉన్న కంపెనీ అంత తేలిగ్గా పోదన్న మాటను చాలా కథనాలు లెక్కలోకే తీసుకోలేదు.

1997 ఆగస్టులో బోస్టన్‌లో జరిగిన ఒక సంఘటన ఈ భయం అసలు స్వరూపాన్ని బయటపెట్టింది. మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడుతోందని, మెకింతోష్ కోసం ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను ఐదేళ్లు తయారు చేస్తుందని స్టీవ్ జాబ్స్ వేదిక మీద ప్రకటించారు. వెనక పెద్ద తెర మీద మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ ముఖం కనిపించగానే హాలంతా గోల చేసింది. విచిత్రం ఏమిటంటే, వాళ్లకు అప్పుడు కావాల్సింది సరిగ్గా ఆ హామీయే. వర్డ్, ఎక్సెల్ రావడం ఆగిపోతే మెకింతోష్ ఆఫీసుల్లో బతకదు. డబ్బుకంటే ఆ ఐదేళ్ల మాటే ఎక్కువ పనిచేసిందని చెప్పవచ్చు, ఎందుకంటే ‘దీనికి సాఫ్ట్‌వేర్ వస్తూనే ఉంటుంది’ అన్న నమ్మకాన్ని అది తిరిగి తెచ్చింది. పత్రికలు దెబ్బకొట్టింది కూడా ఆ నమ్మకం మీదే.

నవ్వులో నిజం ఉన్నప్పుడు

వెక్కిరింపు ప్రతిసారీ అన్యాయం కాదు. 1993లో యాపిల్ న్యూటన్ అనే అరచేతి కంప్యూటర్ తెచ్చింది. తెర మీద పుల్లతో రాస్తే చేతిరాతను చదువుతుందన్నది దాని గొప్ప. మొదటి వెర్షన్ సరిగ్గా చదవలేకపోయింది. అమెరికా దినపత్రికల్లో వచ్చే ప్రసిద్ధ కార్టూన్ స్ట్రిప్ ‘డూన్స్‌బరీ’ దాన్ని ఆటపట్టించింది. తప్పు చదువుతోంది కాబట్టే జనం నవ్వారు.

ఆ తర్వాత జరిగింది ఆలోచించదగ్గది. కొన్నేళ్లకు వచ్చిన కొత్త వెర్షన్‌లో చేతిరాత గుర్తింపు బాగా మెరుగుపడింది. కానీ కార్టూన్ మారలేదు. జనం మనసులో న్యూటన్ అంటే ఆ మొదటి జోకే మిగిలింది. 1998 ఫిబ్రవరిలో యాపిల్ దాన్ని ఆపేసింది. ఆపేశాక కూడా వాడుతూ, విడిభాగాలు వెతుక్కుంటూ, సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతికించినవాళ్ల గురించి మునీజ్, షా అనే ఇద్దరు పరిశోధకులు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ మనుషుల మాటల్లో దాదాపు మతవిశ్వాసం లాంటి ఛాయలున్నాయని వాళ్లు గమనించారు.

ఎగతాళికి ఉన్న అసలు శక్తి ఇదే. విమర్శ తేదీతో సహా గుర్తుంటుంది, లోపం సరిదిద్దితే దాని పని అయిపోతుంది. జోక్‌కు తేదీ ఉండదు. లినక్స్ మీద ఇప్పటికీ తిరిగే వెటకారాల్లో చాలావరకు ఇరవై ఏళ్ల కిందటి సీడీ పెట్టి ఇన్‌స్టాల్ చేసుకున్న రోజులవి. వైఫై పట్టదు, సౌండ్ రాదు అన్నవి అప్పట్లో నిజాలే. అవే మాటలు ఇప్పుడు విన్నప్పుడు, ఆ లోపాలను సరిచేయడానికి జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చున్నవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఒకే వార్త, రెండు చూపులు

ఇంతవరకు వాడేవాళ్ల వైపు న్యాయం. కానీ వాళ్ల చూపులోనూ ఒక మెలిక ఉంది. దాన్ని మనస్తత్వ శాస్త్రం బాగానే పట్టుకుంది.

1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మౌత్ విశ్వవిద్యాలయాల మధ్య ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ కొట్లాటలా సాగింది. తర్వాత రెండు చోట్ల విద్యార్థులకూ ఒకే ఫిల్మ్ చూపించి తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మౌత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మౌత్ విద్యార్థులకు కనిపించినవాటికి రెట్టింపు కంటే ఎక్కువగా ప్రిన్స్‌టన్ విద్యార్థులకు కనిపించాయి. 1985లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన వలోన్, రాస్, లెపర్ ప్రచురించిన ప్రయోగం ఇంకో అడుగు వేసింది. 1982 నాటి బీరూట్ మారణకాండ మీద వచ్చిన టీవీ వార్తలను ఇజ్రాయెల్ వైపు మొగ్గేవాళ్లకూ అరబ్బుల వైపు మొగ్గేవాళ్లకూ చూపించారు. అవే వార్తలు. ఇరుపక్షాలూ అవి తమకు వ్యతిరేకంగా ఉన్నాయన్నాయి. విషయం బాగా తెలుసనుకున్నవాళ్లకే పక్షపాతం ఎక్కువగా కనిపించింది.

కంప్యూటర్ విషయంలో కూడా అంతే. ఒక సిస్టమ్‌ను పదేళ్లు వాడినవాళ్లకు దాని మంచి యాభై రకాలుగా తెలుసు. వ్యాసంలో అందులో ఐదే ఉంటాయి. మిగతా నలభై ఐదు కావాలనే వదిలేశారనిపిస్తుంది. నిష్పక్షపాతంగా రాసిన వ్యాసం కూడా వాళ్లకు పగబట్టి రాసినట్టే కనిపిస్తుంది. టెక్నాలజీ విలేకరి వాల్ట్ మాస్‌బర్గ్ దీనికి ఒక పేరే పెట్టారు: పొగడ్త చాలలేదన్న సిద్ధాంతం. ఎంత మెచ్చుకున్నా, ఇంకాస్త మెచ్చుకోలేదన్నదే నేరమవుతుంది.

పైగా ఒక బ్రాండ్ వాడేవాళ్లలో సమూహ భావం ఏర్పడుతుంది. మెకింతోష్, సాబ్ కార్లు, ఫోర్డ్ బ్రాంకో వాడేవాళ్లను పరిశీలించి మునీజ్, ఓగిన్ 2001లో ఈ సంగతి వివరించారు. ‘మనం’ అన్న స్పృహ, సొంత ఆచారాలు, ఒకరికొకరు సాయపడాలన్న బాధ్యత వాళ్లలో కనిపించాయి. తాము ఏది వాడతామో అన్నదానికంటే ఏది వాడమో అన్నదాన్ని బట్టి తమను తాము గుర్తించుకోవడమూ కనిపించింది. ‘మీరు వాడేది చెత్త’ అన్న వాక్యం అప్పుడు యంత్రం దగ్గర ఆగదు.

‘జ్ఞా’ దగ్గర ఆగిన ఐఫోన్

ఇవన్నీ ఎక్కడో అమెరికా గొడవలని అనుకోనక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్తల్లోకెక్కింది. ఐఓఎస్ 11 నడుస్తున్న ఐఫోన్‌కు ‘జ్ఞా’ ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌గా వస్తే, తెరవగానే యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో కనిపిస్తే ఫోన్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్‌తో యాపిల్ దాన్ని సరిచేసింది.

ఈ సంగతిని కాస్త దగ్గరగా చూడాలి. ఆ అక్షరంలో ఐదు ముక్కలున్నాయి. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక గుర్తు, చివర దీర్ఘం. నాలుగోది అక్షరాలు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపడానికి యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల లిపులకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి ప్రమాణంలో, పెట్టిన సంజ్ఞ. మామూలుగా ‘జ్ఞా’ టైప్ చేసేవాళ్లు దాన్ని వాడరు. విశాఖలో జ్ఞానాపురం అనే పేట ఉంది. రైల్వే స్టేషన్ పక్కనే. ఐఫోన్‌లో ఆ అడ్రసు రోజూ తెలుగులో రాసుకున్నవాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే వాళ్ల ‘జ్ఞా’లో ఆ కనిపించని గుర్తు లేదు. తప్పు తెలుగుది కాదు, లిపిని తెర మీద కూర్చే యాపిల్ ప్రోగ్రామ్‌ది. అదే తరహా కూర్పు దేవనాగరి, బెంగాలీల్లోనూ ఇబ్బంది పెట్టిందని తర్వాత తేలింది.

కానీ లోకం పెట్టిన పేరు ‘తెలుగు బగ్’. వార్తల్లో ఐఫోన్‌ను పడగొట్టే అక్షరం అన్న ధోరణి నడిచింది. ఇక్కడ రెండు రకాల విధేయతలు ఒకే మనిషిలో ఢీకొన్నాయి. ఐఫోన్ వాడే తెలుగువాళ్లు ఏ వైపు మాట్లాడాలి? ఫోన్ వైపా, భాష వైపా? భాష వైపు నిలబడ్డవాళ్లు లోపం యాపిల్‌దేనని స్పష్టంగా చెప్పగలిగారు. ఫోన్‌ను వెనకేసుకొచ్చినవాళ్లు ‘అలాంటి అక్షరం ఎవరు రాస్తారు’ అన్నారు. ఆ మాట సాంకేతికంగా కొంత నిజమే అయినా, పది కోట్లమందికి దగ్గరగా మాట్లాడే భాషను అరుదైన వస్తువులా చూడటం అందులో ఉంది. ‘బగ్ ఎవరిది’ అన్న చిన్న ప్రశ్నకు పేరులోనే తప్పు జవాబు ఇచ్చేయడం ఈ వార్తల్లోని అసలు లోపం. ఒకసారి పేరు స్థిరపడ్డాక ఎన్ని వివరణలు ఇచ్చినా అది పోలేదు.

అదే ఏడాది ఆగస్టు 2న యాపిల్ మార్కెట్ విలువ లక్ష కోట్ల డాలర్లకు చేరింది. ఆ స్థాయి కంపెనీకి కొన్ని రోజుల ఎగతాళి వల్ల అమ్మకాల్లో పోయేదేమీ లేదు. నెట్‌వర్క్ ఎఫెక్ట్ గురించి పైన చెప్పిన మాటకు ఇది మరో రుజువు. అప్పుడు నొచ్చుకున్నది చిన్న గొలుసు ఉన్న పక్షం, అంటే డిజిటల్ లోకంలో ఇంకా చోటు సంపాదించుకుంటున్న తెలుగు.

కోపంతో కూడా పత్రికకు లాభమే

జాన్ డ్వొరాక్ పేరు మళ్లీ తలుచుకోవాలి. మ్యాక్ (మెకింతోష్) వాడేవాళ్లను రెచ్చగొడితే తన రాతలకు పాఠకుల తాకిడి ఎలా పెరుగుతుందో 2006లో ఒక వీడియోలో ఆయన దాపరికం లేకుండా వివరించారు. ప్రకటనల మీద బతికే మాధ్యమంలో మెచ్చి చదివిన పాఠకుడికీ, మండిపడి చదివి పదిమందికి పంపిన పాఠకుడికీ లెక్కలో తేడా లేదు. రెండో పాఠకుడే ఎక్కువ లాభం. అన్ని వెటకారాలూ కావాలని చేసినవని దీనర్థం కాదు. చాలాసార్లు హెడ్డింగ్ పెట్టేది వ్యాసం రాసిన మనిషి కాదు. తెలుగులో అయితే ఇంగ్లిష్ వార్త నుంచి అనువాదమై వచ్చేటప్పుడు అసలులో ఉన్న ‘కొన్ని సందర్భాల్లో’ లాంటి మాటలు జారిపోయి వెటకారం ఒక్కటే మిగులుతుంది.

ఈ ఉచ్చును లినక్స్ వాళ్లలో కొందరు ముందే గుర్తించారు. లినక్స్ గురించి పదిమందికి ఎలా చెప్పాలో వివరిస్తూ 1990ల్లోనే ఒక మార్గదర్శక పత్రం రాసుకున్నారు. అవమానించేలా జవాబు ఇస్తే దాన్ని చూసిన మిగతావాళ్లు కూడా దూరమవుతారని, అతిశయోక్తులు వద్దని, వాస్తవాన్ని మర్యాదగా సరిచేయమని అందులో ఉంది. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చినప్పుడు ఆ సలహా పాటించడం తేలిక కాదు. అయినా అక్కడ జవాబు ఇచ్చింది ఉత్తరాలు కాదు. సర్వర్ గదుల్లో లినక్స్ పెరుగుతూ పోయింది. 2014లో మైక్రోసాఫ్టే లినక్స్‌ను ప్రేమిస్తున్నామని ప్రకటించింది. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని 500 అతివేగ సూపర్‌కంప్యూటర్ల జాబితాలో ప్రతి ఒక్కటీ లినక్స్‌దే. జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ అదే కెర్నెల్, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం.

ఓడినవాళ్ల ప్రేమ తక్కువేం కాదు

యాపిల్ నిలబడింది కాబట్టి 1997 నాటి ఉత్తరాలు ఇప్పుడు దూరదృష్టిలా కనిపిస్తాయి. ఇదొక భ్రమ. 1985లో వచ్చిన అమిగా అనే కంప్యూటర్ బొమ్మల్లో, శబ్దంలో తన కాలానికంటే ముందుంది. దాన్ని ఆటల డబ్బా అని తీసిపారేసినవాళ్లతో అమిగా వాడేవాళ్లు అంతే ఆవేశంగా వాదించారు. తయారు చేసిన కొమడోర్ కంపెనీ 1994 ఏప్రిల్‌లో దివాలా తీసింది. ఐబీఎం వారి ఆపరేటింగ్ సిస్టమ్ ఓఎస్/2కు ‘టీమ్ ఓఎస్/2’ పేరుతో వాలంటీర్లు షాపులకెళ్లి డెమోలు చూపించేవారు. ఐబీఎం దాని సపోర్టును 2006 చివరితో ఆపేసింది. ఈ రెండింటి విధేయుల వాదనల్లోనూ సాంకేతికంగా చాలా నిజం ఉంది. అమిగా పతనానికి పత్రికల కంటే కంపెనీ యాజమాన్యం తీసుకున్న నిర్ణయాలే పెద్ద కారణం. ప్లాట్‌ఫామ్ బతుకుతుందా లేదా అన్నదాన్ని కోపం తీవ్రతను బట్టి అంచనా కట్టడం కుదరదు.

ద్వారకానగర్ షాపులో లెక్క

ఇప్పుడు విశాఖకు వద్దాం. విండోస్ 11కు భద్రత కోసం పెట్టే టీపీఎమ్ 2.0 చిప్, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. అంతకుముందు కొన్న సిస్టమ్‌లు ఆ పరీక్ష దాటవు. ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు అప్‌డేట్ల గడువు 2026 అక్టోబర్ 13 వరకే. ఆపైన మిగిలేవి మూడు దారులు: కొత్తది కొనడం, రక్షణ లేకుండా నడపడం, లినక్స్‌కు మారడం.

మూడో దారి గురించి ‘ఎవరైనా హాయిగా మారొచ్చు’ అనేవాళ్లు, ‘అది మామూలు మనుషుల పని కాదు’ అనేవాళ్లు ఒక డీటీపీ షాపులో గంటసేపు కూర్చుంటే ఇద్దరి మాటలూ మారతాయి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే ఆపరేటర్ వేళ్లు ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లకు అలవాటు పడ్డాయి. అందులో ‘యాపిల్’ అనే కీబోర్డు లేఅవుట్ ఉంది. జీవితంలో యాపిల్ కంప్యూటర్ ముట్టుకోనివాళ్లు కూడా ‘నాకు యాపిల్ వచ్చు’ అని చెప్పుకుని పనిలో చేరతారు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫైల్‌ను ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ గుర్తుల గజిబిజి కనిపిస్తుంది. పదిహేనేళ్ల పాత ఫైళ్లు, కస్టమర్ల కార్డులు, వేళ్లలో ఇంకిన లేఅవుట్ అన్నీ విండోస్‌కు కట్టేసి ఉన్నాయి. ఈ మనిషికి లినక్స్ పనికిరాదన్న మాట ప్రస్తుతానికి నిజం. అది లినక్స్ లోపం వల్ల కాదు. మూడు దశాబ్దాలుగా తెలుగు ముద్రణ యూనికోడ్ వైపు పూర్తిగా కదలకపోవడం వల్ల.

అదే వీధిలో ట్యూషన్ సెంటర్ సంగతి వేరు. అక్కడ బ్రౌజర్, వీడియో పాఠాలు, ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో ప్రశ్నాపత్రం, యూనికోడ్‌లో తెలుగు టైపింగ్ సరిపోతాయి. ఇవన్నీ లినక్స్‌లో పాత సిస్టమ్‌ మీద కూడా సాఫీగా నడుస్తాయి. లినక్స్‌లో తెలుగు ఉండటం దానంతట అది జరిగిందీ కాదు. స్వేచ్ఛ లాంటి సంస్థలు, ఎందరో వాలంటీర్లు మెనూలను తెలుగు చేసి, ఫాంట్లను సరిచేసి ఇచ్చినదది. ‘కమాండ్లు కొట్టేవాళ్ల సరుకు’ అన్న ఒక్క ముక్కలో ఈ పని మొత్తం కనపడకుండా పోతుంది. వాళ్లకు కోపం వచ్చేది అక్కడే, అది న్యాయమైన కోపం కూడా.

ఇక టాలీ ఆఫీసులు, వేలిముద్ర పరికరాలతో పనిచేసే సేవా కేంద్రాలు ఎటూ తేల్చుకోలేని స్థితిలో ఉంటాయి. ఆ పరికరాల్లో చాలావాటికి తయారీదారులు విండోస్, ఆండ్రాయిడ్ సాఫ్ట్‌వేర్‌కే మొదటి చోటు ఇస్తారు. అడిగేవాళ్లు పెరిగితేనే అది మారుతుంది. అడిగేవాళ్లు పెరగాలంటే ‘ఇది మనకు పనికొస్తుంది’ అన్న మాట నలుగురి చెవిన పడాలి.

ఈ గొలుసులో స్థానిక పత్రికలకు, యూట్యూబ్ ఛానళ్లకు ఉన్న పాత్ర వాళ్లు అనుకునేదానికంటే పెద్దది. అమెరికా విలేకరి రాసిన జోక్‌ను తెలుగులోకి తిప్పడం ఐదు నిమిషాల పని. ద్వారకానగర్‌లో ఒక పాత సిస్టమ్‌ మీద లినక్స్ వేసి, ప్రింటర్ పట్టిందా, యూనికోడ్ తెలుగు సరిగ్గా పడిందా, అను ఫైల్ తెరుచుకుందా అని ఒక్కొక్కటీ చూసి రాయడానికి ఒక పూట పడుతుంది. 2026 అక్టోబర్‌లోగా పాత సిస్టమ్‌ను ఏం చేయాలో తేల్చుకోవాల్సిన ట్యూషన్ మాస్టారికి కావాల్సింది ఆ రెండో రాత. లినక్స్ వాడేవాళ్లు పత్రికకు రాసే ఉత్తరంలో ఉండాల్సింది కూడా అదే: ఏ మోడల్ సిస్టమ్, ఎంత ర్యామ్, ఏది నడిచింది, ఏది నడవలేదు.